సోమవారం మాత్ర

గ్లెనిస్ ట్రెవాస్కిస్ మాత్రల అట్టని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ఒక్కో గదినీ పెదాలతో లెక్కపెట్టుకుంటోంది. వారానికి ఏడు రోజులు, రోజుకి నాలుగు పూటలు, మొత్తం ఇరవై ఎనిమిది గదులు. ఏ పూట మింగాల్సినవి ఆ గదిలో. కిందటి చలికాలం నుంచీ ఈ నింపే పని వెనకగదిలో యంత్రం చేస్తోంది. అది తప్పు చెయ్యదని అమ్మినవాళ్ళు చెప్పారు. అయినా ఆమె ప్రతి అట్టనీ చూస్తుంది. చూడమని ఎవరూ అనలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు.

సముద్రం ఒడ్డునున్న పోర్ట్ హెస్లాప్‌కి ఆ మందుల షాపు ఒక్కటే దిక్కు. డాక్టరు మంగళవారాలు మాత్రం వస్తాడు. ఇవాళ గురువారం. పొద్దున్న పదింటికే ఎండ నలభై రెండు డిగ్రీలు. ఎడారి మీంచి వచ్చే ఉత్తరపు గాలి రోడ్డు మీది దుమ్మంతా తెచ్చి తలుపు అద్దానికి కొడుతోంది. పొలాల్లో నిప్పు రాజెయ్యకూడదని రేడియో పదినిమిషాలకోసారి హెచ్చరిస్తోంది.

ఈ కౌంటరు వెనక్కి వచ్చినప్పుడు గ్లెనిస్‌కి పంతొమ్మిదేళ్ళు. ఇప్పుడు అరవై ఒకటి. పొట్టి మనిషి, వెడల్పాటి మణికట్లు, నిలబడీ నిలబడీ వాచిపోయిన చీలమండలు. బడిలో లెక్కల్లో ఆమెని మించినవాళ్ళు లేరు. మందుల చదువు చదవాలనుకుంది. బార్లీ పండించే తండ్రి "పట్నం వెళ్ళి చదివి ఏం ఊడబొడుస్తావు?" అన్నాడు. పాత యజమాని రండిల్ ఆమెకి యాభై దాటాక కూడా "కౌంటరు పిల్లా" అనే పిలిచేవాడు. పెళ్ళి మాట వచ్చిన రెండుసార్లూ తల్లి మంచంలో ఉంది. మధ్యాహ్నాలు శాండ్‌విచ్ తింటూ మందుల పెట్టెల్లోని సన్నక్షరాల కాగితాలు ఒక్కటి వదలకుండా చదివేది. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

రెండేళ్ళ కిందట థుయ్ ఫాన్ షాపు కొనుక్కుంది. ముప్పై ఏళ్ళ ఫార్మసిస్టు. సబ్బుల అరలు పీకేయించి, అక్కడ రెండు కుర్చీలు పట్టే గది కట్టించింది. రక్తపోటు చూడటం, టీకాలు వెయ్యటం, మందులు ఒంటికి ఎలా పడుతున్నాయో కూర్చోబెట్టి అడగటం మొదలుపెట్టింది. "మాత్రలు కొనడానికొస్తే పోలీసు స్టేషన్లోలా ఈ ఆరాలేంటి?" అని ఊరు సణిగింది. మొదటి వారంలోనే థుయ్ గ్లెనిస్‌తో అంది: "నేను కాగితాలు చూస్తాను. మీరు మనుషుల్ని చూస్తారు. తేడాగా అనిపిస్తే నాకు చెప్పండి. చిన్న విషయమేలే అని ఊరుకోవద్దు." గ్లెనిస్ వెనకగదిలోకి వెళ్ళి ఒకే అట్టపెట్టెని మూడుసార్లు విప్పి మడిచింది.

పదింపావుకి రెవా లోపలికొచ్చింది. ఊరికి నలభై కిలోమీటర్ల అవతల పొలం ఆమెది.

"నోటిపూత ట్యూబు ఒకటివ్వవే గ్లెనిస్. కళ్ళచుక్కలు కూడా. నా కళ్ళు ఎండిపోయాయి ఈ గాలికి."

గ్లెనిస్ చెయ్యి ట్యూబు దాకా వెళ్ళి ఆగింది. "పోయిన వారం రెండు పట్టుకెళ్ళావుగా?"

"నాక్కాదు, మా పక్క పొలం మెర్వ్ నాన్‌కివెల్‌కి. నోరంతా పుండేనట. ఐస్‌క్రీం తప్ప ఏదీ దిగట్లేదంటాడు. ఆ కట్టుడుపళ్ళు మార్చుకోవయ్యా ముసలాడా అంటే వింటేనా!"

మెర్వ్ అట్ట గంట కిందటే చూసింది. సోమవారం ఉదయపు గదిలో మాత్రమే చిన్న పసుప్పచ్చ మాత్ర ఉంటుంది. కీళ్ళవాపుకి వేసే మందు. వారానికి ఒక్కసారే మింగాలి. రోజూ మింగితే ఒంట్లో కొత్తగా పుట్టాల్సిన రక్తాన్ని ఆపేస్తుంది. ముందు దెబ్బతినేది నోరు. సన్నక్షరాల కాగితంలో ఆ వాక్యం ఏ మడతలో ఉందో కూడా ఆమెకి గుర్తే.

"థుయ్" అని పిలిచింది. గొంతు పెంచలేదు. కానీ థుయ్ చిన్నగదిలోంచి చేతి తొడుగులతోనే బయటికొచ్చింది.

విన్నాక యంత్రంలోని లెక్కలు తీసింది. "మనం సరిగ్గానే పెట్టాం. వారానికి ఒకటే."

"అట్టలోది ఒకటే. ఇంట్లో పాత సీసా ఉంటే?"

మెర్వ్ భార్య బెరిల్ ఉన్నంతకాలం సోమవారం మాత్ర ఆవిడే తీసి చేతిలో పెట్టేది. ఆవిడ పోయాకే అట్టలు మొదలయ్యాయి. అప్పుడు గ్లెనిస్ స్వయంగా వెళ్ళి, కనపడిన పాత సీసాలన్నీ సంచిలో వేసుకుని తెచ్చేసింది.

థుయ్ ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. అంబులెన్సుకి చేసింది. ఊళ్ళో ఉన్న ఒక్క బండీ గోధుమచేల మంటల దగ్గరికి వెళ్ళింది, తిరిగి రావటానికి గంటన్నర. చిన్నగదిలో అప్పుడే టీకా వేయించుకున్న పసివాడు తల్లి ఒళ్ళో ఏడుస్తున్నాడు. పావుగంట వాణ్ణి కనిపెట్టుకుని ఉండాలి. ఆసుపత్రి స్పెషలిస్టుతో మాట్లాడాల్సిందీ థుయ్యే.

"నేను వెళ్తా" అంది గ్లెనిస్, అప్పటికే కారు తాళాలు తీస్తూ.

తారురోడ్డు మెత్తబడి చక్రాల కింద చిటపటమంది. కారు ఏసీ ఎప్పుడో చచ్చిపోయింది. స్టీరింగు చేతికి చురుక్కుమంటోంది. ఉత్తరాన ఆకాశం గోధుమరంగులో ఉంది. పొగో, దుమ్మో తెలియలేదు. బెరిల్ చనిపోయిన వారంలో ఆ ఇంట్లో తనేం చేసిందో ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంది. వంటింటి అల్మారా చూసింది. స్నానాలగది చూసింది. మంచం పక్కన బల్ల చూసింది. "ఇంకెక్కడైనా ఉన్నాయా మెర్వ్?" అని మాత్రం అడగలేదు. అతను ఏడుస్తున్నాడు. అడగటానికి మొహమాటపడింది.

కుక్క మొరగలేదు. నీళ్ళ ట్యాంకు నీడలో పడుకుని తోక మాత్రం ఆడించింది.

మెర్వ్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆరడుగుల మనిషి సగమైపోయాడు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. ముంజేతుల మీద ఎక్కడపడితే అక్కడ నల్లటి మచ్చలు. పెదాల మూలల్లో ఎండిన రక్తం.

"ఏమయ్యా, ఫోనెత్తవేం?"

"అమ్మకాల వాళ్ళు చంపుకు తింటున్నారు. తీగ పీకేశా." మాట ముద్దగా వచ్చింది. "నువ్వేంటి, ఈ ఎండలో? కొట్టుకి ఎవరూ రావట్లేదని ఇళ్ళమీద పడ్డారా?"

"పసుప్పచ్చ మాత్ర ఎన్ని వేసుకుంటున్నావు?"

అతను తలుపులోంచి బయట కుక్కకేసి చూశాడు.

"మెర్వ్, నిన్నే అడుగుతున్నా."

"రోజూ. పదకొండు రోజులైంది. వారానికి ఒకటి వేస్తేనే కాస్త నయంగా ఉంటే, రోజూ వేస్తే తొందరగా కుదురుతుంది కదా?" రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. వేళ్ళు వంకరపోయి, కణుపులు ఉబ్బి ఉన్నాయి. "ఈస్టర్ పండక్కి మనవరాలొస్తోంది. ఆలోపు ఈ చేతులు పనిచెయ్యాలి గ్లెనిస్. నాకు పనుంది."

"సీసా ఏదీ?"

చొక్కా జేబులోంచి తీశాడు. "షెడ్డులో ఉండేది. నువ్వు అడగలేదుగా."

నవ్వించాలనే అన్నాడు. గ్లెనిస్ వీపు అతనికేసి తిప్పి, గోడ దగ్గరికి వెళ్ళి ఫోను తీగ గుచ్చింది. షాపు నంబరు నొక్కింది.

థుయ్ మొదటి రింగుకే ఎత్తింది. గ్లెనిస్ చెప్పాల్సిందంతా నాలుగు ముక్కల్లో చెప్పింది: పదకొండు రోజులు, జ్వరం, మచ్చలు, నోట్లో నెత్తురు.

"సరే. వినండి. దీనికి విరుగుడు ఇంజక్షన్ ఉంది, పట్నం ఆసుపత్రికి చెప్పేశాను. రోగుల్ని తీసుకెళ్ళే విమానం ఊరి ఎయిర్‌స్ట్రిప్‌కి వస్తోంది. అంబులెన్సు మంటల దగ్గర్నుంచి తిరిగింది. అతన్ని ఒంటరిగా వదలకండి. సీసా మీ దగ్గరే ఉంచుకోండి. గ్లెనిస్?"

"ఆఁ."

"మీరు కనిపెట్టబట్టే ఇదంతా."

గ్లెనిస్ ఫోను పెట్టేసింది. బండి రావటానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ తడిగుడ్డతో అతని మెడా మణికట్లూ తుడుస్తూనే ఉంది.  మెర్వ్ కళ్ళు మూసుకునే "నీ చేతుల్లో మందుల వాసనొస్తోందే" అన్నాడు. తర్వాత కాసేపటికి, "బెరిల్ అనేది, ఆ కొట్టులో బుర్రున్న మనిషి గ్లెనిస్ ఒక్కతేనని."

స్ట్రెచర్ ఎక్కిస్తుంటే కుక్క లేచి బండి దాకా నడిచింది. గేటు దగ్గర గ్లెనిస్ దాన్ని పట్టుకుని నిలబడింది. దుమ్ము అణిగేదాకా ఇద్దరూ అటే చూశారు.

సాయంత్రం షాపుకి తిరిగొచ్చి, మిగిలిన పదకొండు అట్టలూ చూసి, ఒక్కోదాని మీదా సంతకం పెట్టింది. "ఇంటికెళ్ళండి" అని థుయ్ రెండుసార్లు చెప్పింది.

"ఒంటరిగా ఉన్న వాళ్ళు ఎంతమంది మన లెక్కలో?" అంది గ్లెనిస్.

"ముప్పై ఒక్కమంది."

"ప్రతి ఇంటికీ వెళ్దాం. షెడ్లు కూడా చూడాలి. కార్లు కూడా."

థుయ్ కాలెండరు తీసుకుని, ఈ పనికోసమని బుధవారాల మధ్యాహ్నాలన్నీ కొట్టేసింది.

మెర్వ్ తొమ్మిది రోజులు బతికాడు. విరుగుడు పనిచేసిందనీ, రక్తం కోలుకోకముందే ఊపిరితిత్తుల్లో చీము పట్టిందనీ, చివరి మూడు రోజులు కొడుకూ మనవరాలూ పక్కనే ఉన్నారనీ, మాట్లాడాడనీ, నవ్వాడనీ ఆసుపత్రి వాళ్ళు ఫోనులో చెప్పారు. అప్పుడు గ్లెనిస్ ఎవరికో దగ్గుమందు పొట్లం కడుతోంది. కట్టటం పూర్తిచేసి, చిల్లర ఇచ్చి, వెనకగదిలోకి వెళ్ళింది. థుయ్ ఆమె వెనకాలే వెళ్ళి పక్కన నిలబడింది.

ఆ తర్వాతి బుధవారం, ఇంట్లో మిగిలిన మందులు తీసుకెళ్ళమని కొడుకు కబురుపెడితే, ఇద్దరూ ఆ పొలానికి వెళ్ళారు. థుయ్ ఇంట్లోకి వెళ్ళింది. గ్లెనిస్ నేరుగా షెడ్డుకి వెళ్ళింది. పనిబల్ల పైన అరలో సీసా ఉండే చోటు దుమ్ములో గుండ్రంగా కనిపించింది. దాని కింద, మేకుకి, పీతలు పట్టే వల ఒకటి వేలాడుతోంది. చిన్నపిల్ల ఎత్తగలిగేంత తేలికైన ఇనప కడియానికి ఆకుపచ్చ దారంతో ముప్పావువంతు అల్లి ఉంది. ముడులు వంకరటింకరగా ఉన్నాయి, కానీ ఏ ఒక్కటీ వదులు లేదు. ఆఖరి ముడి సగంలో, దారం చుట్టిన చెక్కసూది అలాగే గుచ్చి ఉంది.