కామాలతో సహా

కొండమీది ఊళ్లన్నిటికీ ఉన్న ఒకే ఒక వారపత్రిక పాత గోదాంలో అచ్చయ్యేది. సంపాదకురాలు పెద్దమ్మే, అచ్చు వేసేది పెద్దమ్మే, యంత్రం మొరాయిస్తే దాన్ని తిట్టిపోసేదీ పెద్దమ్మే. ప్రూఫు దిద్దడానికి మాత్రం చెల్లెలి కూతురు పక్కన ఉండాలి. బడిలో ఆ పిల్ల హాజరు పలికితే పక్క బెంచీకి కూడా వినపడదు. అందుకే ఊరంతా ‘గుసగుస’ అని పిలుస్తారు. గోదాంలో మాత్రం యంత్రం రొదను మించి గొంతెత్తి, కామా ఫుల్‌స్టాపులతో సహా రాతప్రతి చదవాలి. పెద్దమ్మ అచ్చుప్రతి మీద వేలు పెట్టి సరిచూసుకుంటుంది.

ఆ వారం మొదటి పేజీలో వంతెన వార్త. ముందురోజే క్వారీ యజమాని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“వంతెన కూలినప్పుడు వేసుకో అక్కా. ఇప్పుడెందుకు నా పొట్ట కొట్టడం?”

“కూలాక వేస్తే అది వార్త కాదు తమ్ముడూ, సంతాపం,” అంది పెద్దమ్మ.

తెల్లారి గుసగుస పత్రిక కట్టలు మోసుకెళ్లి బస్టాండులో ఏజెంటు బాబాయికి అప్పగించింది. ఆమె అక్కడుండగానే యజమాని జీపు దిగి, కట్టలన్నీ కొనేసి వెనక సీట్లో పడేశాడు.

“అదేంటి బాబాయ్!”

“కొంటానంటే అమ్మనని ఎలా అంటానే?” అని బాబాయి తల గోక్కున్నాడు.

మళ్లీ అచ్చు వేద్దామంటే కాగితం లేదు. పై ఊళ్ల జనంతో బస్సు నిండిపోయింది. ఇంకాసేపట్లో ఆ వంతెనే ఎక్కుతుంది. గుసగుస గబగబా బస్సెక్కింది కానీ, నాలుక పిడచకట్టుకుపోయింది.

“ఏం గుసగుసా, టికెట్టు కూడా చెవిలోనే అడుగుతావా?” అన్నాడు కండక్టరు. అందరూ నవ్వారు.

డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. కాళ్ల కింద రేకు గడగడలాడింది. అచ్చం గోదాంలో లాగే. ప్రూఫులో చదివి చదివి నోటికొచ్చిన వార్తతో, అలవాటు కొద్దీ గొంతు దానంతటదే లేచింది.

“వంతెన రెండో స్తంభం కామా అడుగు నుంచి పై దాకా బీటలు వారింది ఫుల్‌స్టాప్. క్వారీ లారీలు ఆగేదాకా కామా దాని మీద బస్సు నడపరాదని ఇంజనీరు రాసిచ్చారు ఫుల్‌స్టాప్.”

“కామా ఏంట్రా!” అని ఎవరో పగలబడి నవ్వారు.

“నోర్ముయ్యండ్రా, వంతెనంటోంది,” అని ముందు సీటు అవ్వ కసిరింది.

యజమాని పరుగెత్తుకొచ్చాడు. “ఇంజనాపు! ఆ గోలలో ఏదేదో వాగుతోంది!”

డ్రైవరు ఆపేశాడు. బస్టాండంతా నిశ్శబ్దం. రొద చాటు లేకుండా గుసగుస ఎప్పుడూ చదవలేదు. కమ్మీని గట్టిగా పట్టుకుని, హెడ్డింగు దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి హోటలు ముందు నిలబడ్డవాళ్లు కూడా తలలు తిప్పారు.

డ్రైవరు తాళం తీసి జేబులో వేసుకున్నాడు. “నా బండి వంతెన ఎక్కదు.”

“మేం నడిచిపోతాం,” అంటూ అవ్వ సంచి భుజాన వేసుకుంది. “మరి లారీలొస్తే?”

“మనం దారికడ్డంగా నడుస్తుంటే లారీలెలా వస్తాయవ్వా?” అన్నాడు కండక్టరు.

జనమంతా బిలబిలా దిగారు. యజమాని గుసగుసకు వేలు చూపించాడు. “మీ పెద్దమ్మ యంత్రం ఇంకెన్నాళ్లు తిరుగుతుందో చూస్తా!”

గుసగుస గొంతు తగ్గించలేదు.

“ఈ మాట కూడా వచ్చేవారం వేస్తాం మావయ్యా. ఇంకోసారి మెల్లగా చెప్పండి, కామా ఎక్కడ పెట్టాలో చూసుకోవాలి.”