వంటపాక వెనుక డబ్బా

పోలీసులు అన్సెల్మోను జీపెక్కిస్తుంటే జెనైడె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బ్రెజిల్ చెరకు సీమలో, మిల్లు దొర బీడు పెట్టిన భూమిలో గుడారాలు వేసుకున్న కూలీలకు ఆమె వంటమనిషి, అతడు నాయకుడు. శిబిరంలోని బడిపాకకు నిప్పుపెట్టి, అందులో పడుకున్న ముసలి తిబుర్సియోను చంపింది అతడేనట! దొర మనుషులు రావడం చూసినవాళ్లున్నారు. కూలీల సాక్ష్యం ఎవరికి కావాలి?

"ల్యాబ్ తేల్చేసింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పాక మీద పోసిన ఆల్కహాలూ, మీ వంటపాక వెనక దొరికిన డబ్బాలోదీ ఒకటే. ఊళ్లో బంకులో కార్లకు అమ్మేది కాదు. మీ కొంప మీరే కాల్చుకుని దొరగారి మీదికి నెడతారా?"

ఆ డబ్బా జెనైడెది. తడికట్టెలు అంటుకోక, మిల్లులో చెరకు నుంచి తీసే ఇంధన ఆల్కహాలును ట్యాంకర్ డ్రైవర్ వాల్దిర్ దగ్గర చాటుగా కొన్నది. అన్సెల్మోకు తెలియదు. నోరు విప్పితే తనకు జైలు, వాల్దిర్ పొట్టమీద దెబ్బ. ఆమె నోరు విప్పలేదు. ఆ సాయంత్రం అన్సెల్మో భార్య లిందాల్వా బీన్సు గిన్నె తెచ్చి "నువ్వైనా తినక్కా" అంటే సిగ్గుతో చచ్చిపోయింది.

మర్నాడు శిబిరంలో జరిగిన సభలో కూలీల వకీలు ఇవోని వివరించింది. "చెరకు తాగే నీళ్లలో బరువు అణువులూ తేలిక అణువులూ కలిసుంటాయి. వాటి పాళ్లు చోటును బట్టి మారతాయి. ఆ గుర్తు ఆల్కహాలులోకీ దిగుతుంది. రెండూ ఒకచోటివేనని ల్యాబ్ చెప్పగలదు. పోసిన చెయ్యి ఎవరిదో చెప్పలేదు. మిల్లు ట్యాంకులోదీ పరీక్షించమంటే, పోలీసులు కారణం చూపమంటున్నారు. అదీ కలిస్తే, పోసింది దొర మనుషులూ కావచ్చని తేలుతుంది. ఆ డబ్బా ఎక్కడిదో ఎవరికైనా తెలుసా?"

అందరూ తలలు దించుకున్నారు.

"నాది," అంది జెనైడె లేచి. "మిల్లు సరుకే. దొంగసరుకని తెలిసే కొన్నా. అతన్ని ఈడ్చుకుపోతుంటే నోరు మూసుకుని చూశా. నాలాంటి పాపిష్టిది ఉండదు."

లిందాల్వా మొహం మీద ఉమ్మేస్తుందనుకుంది.

"మా గుడారంలోనూ ఉందక్కా," అంది లిందాల్వా మెల్లగా. "ఆయనకి తెలీకుండా దాచా."

"మా దాంట్లోనూ ఉంది," అంది పక్క గుడారం ఆమె.

"బంకు మొహం చూసినోళ్లెవరు ఇక్కడ? అందరం దొంగలమే," అన్నారు ఇంకెవరో.

సభకు వచ్చి వెనక నిలబడ్డ వాల్దిర్ గొణిగాడు. "నా పిల్లల నోట్లో మట్టి కొట్టారు కదా." అతడు చెప్పిందీ నిజమే.

పొద్దున్నే శిబిరమంతా డబ్బాలతో పోలీస్ స్టేషన్‌కు కదిలింది. అందరికన్నా వెనుక వాల్దిర్ కూడా తన డబ్బాతో నడిచాడు.

"ఇదంతా దొంగసరుకని ఒప్పుకుంటున్నారా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఒప్పుకుంటున్నాం. మిల్లు ట్యాంకులోదని కూడా రాసుకో," అంది జెనైడె. "మాకు బేడీలు వెయ్యి. ఆ ట్యాంకు మూత తీయించు."

ఆమె రెండు చేతులూ చాచింది. పక్కన లిందాల్వా చాచింది. వెనుక అందరూ చాచారు. స్టేషన్‌లో అన్ని బేడీలు లేవు.