ఖాజావలి మెడ మీద చదువుకున్న గేదె పట్టీ

నేను ఒక గేదె మెడపట్టీని. గేదె రెండు గంటలపాటు నెమరు వేయకపోతే జబ్బు చేసిందని ఫోనుకు కబురు పంపడం నా పని. నన్ను ముగ్గురు విద్యార్థులు చేశారు. తోలు కత్తిరించి బకిల్ బిగించింది మెకానికల్ ఖాజావలి. ప్రోగ్రాం రాసింది కంప్యూటర్ల సువర్చల. పశువైద్య కళాశాల నుంచి వచ్చిన సాల్మన్ గేదెల గురించి మూడు పేజీలు రాసిచ్చి వెళ్ళిపోయాడు. వేరువేరు చదువుల వాళ్ళు కలిసి పనిచేయడం నేర్చుకోవాలని కాలేజీ వారి ఉద్దేశం. ఫోటో మాత్రం కలిసే దిగారు.

సువర్చలకు ఉద్యోగం ఖాయమైంది. కానీ ఈ ప్రాజెక్టు గట్టెక్కితేనే పట్టా, పట్టా చూపిస్తేనే ఉద్యోగం.

గుర్తింపు కార్డు లేదని వాచ్‌మన్ గేదెను కాలేజీ గేటులోకి రానివ్వలేదు. అందుకని రెండు నెలలు నన్ను ఖాజావలి మెడకు కట్టారు. అతను వక్కపొడి నములుతూ ఆవరణంతా తిరిగేవాడు. నడుస్తూ నమలడమే నెమరని సువర్చల నాకు నేర్పింది. నేర్చుకున్నాను.

పరీక్షనాడు సాల్మన్ వాళ్ళ కొట్టంలో నన్ను నిజం గేదెకు కట్టారు. అది పడుకుని, కళ్ళు అరమూసి, హాయిగా నెమరు వేసుకుంటోంది. రెండు గంటలు కాగానే జబ్బని కబురు పంపాను.

పరీక్షకు వచ్చిన పెద్దాయన గేదెను చూశారు, ఫోను చూశారు. "దానికంటే మీరే నీరసంగా ఉన్నారమ్మా," అన్నారు.

"గేదె పడుకునే కదండీ నెమరేసేది," అన్నాడు సాల్మన్ నింపాదిగా.

"ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా," అంది సువర్చల.

"నన్నెవరడిగారు? నా వంతు మూడు పేజీలేగా."

"పోనీ, దాన్ని లేపి నడిపిద్దామా?" అన్నాడు ఖాజావలి.

"నువ్వే పడుకోరా," అంది సువర్చల.

పెద్దాయన సాయంత్రం బస్సు దాకా గడువిచ్చారు. ఖాజావలి నన్ను కట్టుకుని గేదె పక్కనే పడుకుని నమిలాడు. గేదె అతన్ని ఒకసారి చూసి, కాస్త జరిగి చోటిచ్చింది. సాల్మన్ చెబుతుంటే సువర్చల ప్రోగ్రాం దిద్దింది. ముగ్గురూ ఒకచోట కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. నన్ను మళ్ళీ గేదెకు కట్టారు. బస్సు హారన్ వినబడే వేళకు "నెమరు బాగుంది" అన్నాను. సువర్చల గట్టెక్కింది.

కాలేజీవారు మురిసిపోయి నన్నొక ప్లాస్టర్ గేదె మెడకు తగిలించి అద్దాల బీరువాలో పెట్టారు. ప్రారంభోత్సవం నాడు నాలో ప్రిన్సిపాల్ గారి నంబరు ఎక్కించారు. ఈ గేదె పడుకునే ఉంటుంది గానీ నమలదు. రెండు గంటలకోసారి ఆయనకు కబురు పంపుతున్నాను. నా స్విచ్ ఎక్కడుందో ఖాజావలికి తెలుసు, నంబరు తీసేయడం సువర్చలకు తెలుసు. వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు.

నిన్న ప్రిన్సిపాల్ గారు విసిగిపోయి పశువుల డాక్టరును పిలిపించారు. ఆయన అద్దంలోంచి కాసేపు పరీక్షగా చూసి, వారం రోజులు పచ్చిమేత పెట్టమని చీటీ రాసిచ్చారు.