మూడో లెక్క మీద దెబ్బ

వర్క్‌షాపు బ్యాండుకు యాభై ఏళ్ళు నిండిన రోజున జరిగే కచేరీలో డ్రమ్ము మావయ్యకు ముందు వరుసలో కుర్చీ వేస్తామని మేనకోడలు చెప్పింది. ఆరేళ్ళుగా బ్యాండును నడిపిస్తున్నది ఆమే.

"మరి డ్రమ్ము దగ్గర?" అన్నాడతను.

"కొత్తతను వాయిస్తాడు. నువ్వు హాయిగా కూర్చుని విను మావయ్యా. ఇన్నేళ్ళలో మన బ్యాండుని ఎదురుగా కూర్చుని ఒక్కసారైనా విన్నావా?"

వినలేదు. పద్దెనిమిదో ఏట లేత్ మెషిన్ మీద పనికి చేరాడు. ఆ వారమే బ్యాండు మొదలైంది. పన్నెండు మందిలో పెద్ద డ్రమ్ము మోయగలిగింది తనొక్కడే కాబట్టి దాన్ని అతని మెడకు తగిలించారు. వంతెన ప్రారంభానికి వాయించాడు. ఫుట్‌బాల్ ఫైనల్స్‌కు వాయించాడు, గేటు దాకా సాగనంపిన ప్రతి రిటైర్‌మెంటుకూ వాయించాడు, చివరికి తన రిటైర్‌మెంటుకు కూడా తనే వాయించుకున్నాడు. మధ్యలో నాలుగేళ్ళు ఒక హోటల్ డాన్సు బ్యాండుకు, ఫైర్ స్టేషన్ బ్యాండుకు అరువు వెళ్ళాడు. డ్రమ్ము తోలు పంతొమ్మిది సార్లు మారింది. పంతొమ్మిది సార్లూ తనే బిగించాడు.

నిరుటి నుంచి కుడి చెయ్యి వణుకుతోంది.

"అది చెప్పిన దాంట్లో తప్పేముందండీ?" అంది భార్య. "టీ ఇస్తే సగం సాసరుకే తాగిస్తున్నారు. అంత మందిలో కర్ర జారితే పరువు పోదూ?"

అతను మాత్రం బుధవారం సాయంత్రం ఎప్పటిలాగే రిహార్సల్‌కు వెళ్ళాడు. స్టోర్ రూము మీద గది. ఇరవై రెండు ఇనప మెట్లు. కోట్లు తగిలించే మేకుల కింద బల్ల మీద కూర్చున్నాడు. డ్రమ్ము వెనక కొత్తతను ఉన్నాడు.

మేనకోడలు కొత్త కాగితాలు పంచింది. ప్రతి కచేరీ చివరా బ్యాండు వాయించే మార్చ్ బాణీకి సంబంధించినవి అవి. దాన్ని కట్టింది బ్యాండు మొదటి మాస్టారు. ఆయన పోయి పదేళ్ళయింది. ఆయన సొంత చేతిరాత నోటుబుక్కు ఈ నెలలోనే కూతురింట్లో దొరికింది. దాన్ని చూసి రాసినవే ఈ కాగితాలు.

"మాస్టారు రాసింది రాసినట్టు వాయిద్దాం," అంది.

రెండో భాగం చివరికి వచ్చేసరికి ఇరవై ముగ్గురిలో ఇరవై ఒక్కరు ఆగిపోయారు. కొత్తగా చేరిన ఇద్దరు మాత్రం ముందుకు వెళ్ళిపోయి, తామిద్దరే మిగిలామని తెలిసి ఆగారు.

"ఎవరాపమన్నారు?" అంది మేనకోడలు.

ట్రంపెట్ పొట్టోడు లేచాడు. మొదటి పన్నెండు మందిలో ఇంకా వాయిస్తున్నది అతనొక్కడే. "కాగితం తప్పమ్మాయ్. అక్కడ నాలుగు లెక్కలు అందరం ఆగాలి. మూడో లెక్క మీద డ్రమ్ము ఒక్కటే కొట్టాలి. జనం కాచుక్కూర్చునేది ఆ దెబ్బ కోసమే. మాస్టారి బుర్రంతా అక్కడే ఉంది."

"మాస్టారి పుస్తకంలో లేదు బాబాయ్."

"రాయడం మర్చిపోయుంటారు."

"మర్చిపోయింది మాస్టారు కాదురా," అన్నాడు డ్రమ్ము మావయ్య బల్ల మీంచి. "నేను."

అందరూ అటు తిరిగారు. అతను లేచి నిలబడి చెప్పాడు.

"నా రాత బాగుంటుందని మాస్టారు కాగితాలు నా చేత రాయించారు. భోజనాల టైములో రాసేవాణ్ణి. స్కేలు పెట్టి వరుసకి నాలుగు గళ్ళు, గడికి నాలుగు లెక్కల చొప్పున, ముందే గీసేసుకున్నా. రెండో భాగం మూడో గడితో అయిపోయింది. నాలుగోది గీత పెట్టి కొట్టెయ్యాలి, మర్చిపోయా. మిగతా పదకొండూ దాన్ని చూసే రాశా. కచేరీ రోజు మధ్యాహ్నానికి గానీ అవి పూర్తి కాలేదు. రిహార్సల్ లేకుండానే ఎక్కాం. ఆ ఖాళీ గడి దగ్గర బ్యాండంతా ఆగిపోయింది. మాస్టారి చెయ్యి మాత్రం గాల్లో ఆడుతోంది. మొదటి రెండు లెక్కలు నాకు భయపడ్డానికే సరిపోయాయి. మూడో లెక్క మీద కొట్టా. జనం చప్పట్లు కొట్టారు."

"మాస్టారేమన్నారు?" అంది మేనకోడలు.

"ఏమీ అన్లేదు. తర్వాతి కచేరీలో సరిగ్గా అక్కడ నాకేసి వేలు చూపించారు. అప్పట్నుంచీ అది ఆయన పేరు మీదే నడుస్తోంది. చెప్పడానికి నాకు నోరు రాలేదు."

"ఒరేయ్ దొంగా!" అన్నాడు పొట్టోడు. "యాభై ఏళ్ళు నీ తప్పుకి నేను ఊపిరి బిగబట్టానా? నా మనవలకి కూడా మాస్టారి గొప్పని చెప్పాను కదరా!"

"నువ్వు చెప్తుంటే విన్నాను. సిగ్గేసేది. కానీ గర్వమే కాస్త ఎక్కువ."

గదిలో నవ్వులు లేచాయి. మేనకోడలు నవ్వలేదు. నోటుబుక్కు మూసి కిటికీలో పెట్టింది.

"అందరూ పెన్సిళ్ళు తియ్యండి. రెండో భాగం చివర నాలుగు లెక్కలు ఖాళీ అని రాసుకోండి." తర్వాత అతని వైపు తిరిగింది. "మార్చ్ మొత్తం కొత్తతను వాయిస్తాడు మావయ్యా. ఆ ఒక్క దెబ్బా నీది."

"చెయ్యి వణికితే?"

"ఒక్క దెబ్బలో వణకడానికి టైమెక్కడుంది?"

"మరి ముందు వరుసలో కుర్చీ?"

"అత్తయ్య కూర్చుంటుంది."

కచేరీకి ఆరువందల మంది వచ్చారు. చివర మార్చ్ మొదలయ్యాక డ్రమ్ము మావయ్య వెళ్ళి కొత్తతని పక్కన నిలబడ్డాడు. రెండో భాగం ముగిసింది. బ్యాండు ఆగింది. కొత్తతను పక్కకు తప్పుకున్నాడు.

మూడో లెక్క వచ్చింది. కర్ర లేవలేదు. నాలుగోది వచ్చింది. కుడి చెయ్యి వణుకుతోంది. ముందు వరుసలో భార్య చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేనకోడలు ఎత్తిన చెయ్యి దించలేదు. ట్రంపెట్లు పెదాలకు ఆనుకునే ఉన్నాయి. ఒక్కరూ ముందుకు వెళ్ళలేదు.

అతను ఎడమ చేతిని కుడి చేతి మీద వేసి, కర్రను రెండు చేతులతో పట్టుకుని కొట్టాడు. అది ఐదో లెక్క.

తర్వాతి భాగం మొదలైంది గానీ దాని మొదలు చప్పట్లలో వినబడలేదు.

అయిపోయాక తెర వెనక పొట్టోడు ట్రంపెట్ తుడుచుకుంటూ అన్నాడు. "అప్పుడు రెండు లెక్కలు భయపడ్డావు. ఈసారి నాలుగు పట్టిందిరా నీకు."

"భయం కాదురా," అన్నాడు డ్రమ్ము మావయ్య. "నా కోసం ఆగుతారో లేదో చూద్దామని."