పన్నెండో భాగం అయిపోయాక

టైర్ల కొట్టు పైన రెండు గదుల లైబ్రరీ ఉంది. దానికంతటికీ ఒక్కతే ఉద్యోగి. ఊళ్ళో అందరికీ ఆమె లైబ్రరీ అక్కే, పళ్ళూడిన ముసలాయనకి కూడా. ఎవరికి ఏ పుస్తకం పడుతుందో ఆమె చెప్పాల్సిందే అని పేరు. ఆ పేరు ఊరికే వచ్చిందా? పుస్తకం తిరిగిస్తూ ఎవరేం మాట్లాడారో, ఎక్కడ నవ్వారో, ఎక్కడ మాట మింగేశారో, అన్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకునేది. మనిషికో పేజీ. తర్వాతి పుస్తకం ఏదన్నది ఆ పేజీ చూసే చెప్పేది.

తమ్ముడికీ అందులో ఒక పేజీ ఉంది. ఆరడుగుల పైన మనిషి, ఏ గుమ్మంలోనైనా తల వంచాల్సిందే, అయినా అందరికీ బుడ్డోడే. రేవులో క్రేన్ నడుపుతాడు. అమ్మానాన్నా పోయేనాటికి వాడికి ఏడేళ్ళు. అప్పట్నుంచీ అన్నం పెట్టినా, నాలుగు తగిలించినా అక్కే. వాడు తప్ప ఆమెకి ఇంకెవరున్నారు గనక!

ఆ ఏడాది కుర్రకారంతా ఒకే కథ మీద పడ్డారు. అంతరిక్షంలో యుద్ధం, మూడంతస్తుల మేడంత మరమనుషులు, వాటి గుండెకాయలో కూర్చుని నడిపే మామూలు మనుషులు. మొత్తం పన్నెండు భాగాలు. బుడ్డోడు పది రోజుల్లో అన్నీ నమిలేశాడు. చివరిది బల్లమీద పెట్టి, "అక్కా, తర్వాతేంటి?" అన్నాడు, రెండు పూటలు అన్నం లేనివాడిలా.

ఆమెకి ఆ ప్రశ్నంటే ప్రాణం. గ్రహాల కథలు ఇచ్చింది, జలాంతర్గామి కథ ఇచ్చింది, గడియారాలు బాగుచేసేవాడి కథ కూడా ఇచ్చింది. అన్నీ రెండో రోజుకల్లా వెనక్కి. "బాగుంది గానీ అక్కా..." అని నసిగేవాడు. వాడొక్కడే కాదు, ఆ పన్నెండు భాగాలూ పూర్తిచేసిన పద్దెనిమిది మందిదీ అదే వరస. ఆమెకి చిన్నతనంగా అనిపించింది.

సరిగ్గా అప్పుడే దిగాడు బూడిదరంగు కోటాయన. పొద్దున్నే తాళం తీద్దామని వచ్చేసరికి మెట్లమీద నిలబడి ఉన్నాడు.

"ఆ పన్నెండు భాగాల తర్వాత వీళ్ళకి ఏం కావాలో ఈ ఊళ్ళో మీకొక్కరికే తెలుసటగా? మావాళ్ళు కొత్తది తయారుచేస్తున్నారు. మీ సలహా కావాలండీ," అన్నాడు.

పుస్తకాల కంపెనీ మనిషనుకుంది. ఆయన అవుననలేదు, కాదనలేదు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఆమెని సలహా అడిగిన పెద్దమనిషి ఆయనొక్కడే. మునగచెట్టు ఎక్కించాడని మనం తీరిగ్గా కూర్చుని అంటాం. ఆ పూట ఆమె మాత్రం పొంగిపోయి నోట్‌బుక్కు తీసి ఆయన చేతిలో పెట్టేసింది. ఆయన కిటికీ దగ్గర కూర్చుని, ఒక్కో పేజీ ఫొటో తీసుకుని తిరిగిచ్చాడు.

"మీ తమ్ముడి పేజీ చాలా బాగా రాశారు," అన్నాడు వెళ్తూ.

ఆ పేజీలో తమ్ముడని తను ఎక్కడా రాయలేదు. ఆ సంగతి ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాక గాని ఆమెకి తట్టలేదు.

ఆ వారం నుంచి కింద రోడ్డుమీద గుడ్డ కప్పిన పొడవాటి లారీలు పోవడం మొదలైంది. అవి పోతుంటే పైన అలమరాలు వణికేవి. "పొక్లెయిన్లేమోనమ్మా," అన్నాడు టైర్ల కొట్టాయన. పొక్లెయిన్లకి వేళ్ళుంటాయా? ఒక గుడ్డ గాలికి లేచినప్పుడు మనిషంత పొడవున్న ఇనప వేళ్ళు ఆమె కళ్ళారా చూసింది.

పన్నెండు భాగాలూ చదివినవాళ్ళు ఒక్కొక్కరే లైబ్రరీకి రావడం మానేశారు. నర్సు రాలేదు, గోడలకి రంగులేసే పెయింటరు రాలేదు. ఇళ్ళకి వెళ్ళి అడిగితే, ఏదో ఉత్తరం వచ్చిందనీ, సంతకం పెట్టి సరిహద్దుకి వెళ్ళారనీ చెప్పారు. మూడు వారాలకి పెయింటరు ఇంటికి మడతపెట్టిన బట్టల మూట వచ్చింది, మనిషి రాలేదు.

ఒక మధ్యాహ్నం బుడ్డోడు పని మధ్యలో వచ్చాడు. చేతిలో కాగితం.

"ఇది చదువక్కా."

చదివింది. 'ఎత్తంటే మీకు భయం లేదు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తారు. పిలిచేవాళ్ళు లేక ఇక్కడ ఆగిపోయారు గానీ, నువ్వే కావాలని ఎవరైనా ఒక్కసారి అంటే చాలు, అన్నీ వదిలి వెళ్ళిపోతారు.' కింద సంతకానికి ఖాళీ గీత. 'వాడు' ఉన్నచోట 'మీరు' పెట్టారంతే, మిగతా ప్రతి అక్షరం ఆమెదే.

"ముక్కూమొహం తెలియనివాళ్ళు నా లోపలిదంతా ఎలా రాశారక్కా? భయమేసింది. మోసమేమో, సంతకం పెట్టలేదు. నిన్నడుగుదామని తెచ్చా."

మోసమేరా అని ఒక్క మాట అంటే సరిపోయేది. కాగితం పొయ్యిలో పడేది. కానీ జరిగిందంతా చెప్పేస్తే వాడికి ఒళ్ళు మండుతుందనీ, ఆ మంటలో వాడే చింపేస్తాడనీ అనుకుంది పిచ్చితల్లి.

"అవి నా మాటలురా. నీకు పుస్తకం వెతకడానికి రాసుకున్నాను. ఆ కోటాయన ఫొటోలు తీసుకుపోయాడు. నాదే బుద్ధిలేనితనం. చింపెయ్ నాన్నా."

వాడు చింపలేదు. కాగితం వెనక్కి తీసుకుని మళ్ళీ మొదట్నుంచి చదివాడు. ఈసారి మొహంలో భయం లేదు.

"నువ్వు రాశావా?" అన్నాడు. "అయితే మోసం కాదు. నువ్వు ఇంతవరకూ ఎవరి గురించీ తప్పు రాయలేదు కదక్కా."

బల్లమీద కలం అందుకున్నాడు. ఆమె రెండు చేతులతో వాడి మణికట్టు పట్టుకుంది. వాడు ఆమెకి నొప్పి పుట్టకుండా ఒక్కో వేలూ విడదీసి, సంతకం పెట్టాడు.