పొత్తిగుడ్డల్లో మూగబోయిన మెషిన్

ఇంకా తెల్లగా తెల్లారలేదు. రుఫీనా తన మూడు నెలల పాప వైరాను పొత్తిగుడ్డల్లో చుడుతుంటే, పాప పాదానికి తీగతో తగిలించిన చిన్న మెషిన్ మళ్ళీ కుయ్యోమంది.

"మొదలెట్టింది నీ కోడిపుంజు," అంది అత్త బెనితా, పొయ్యి మీద సంతలో అమ్మే మొక్కజొన్న జావ, ఆపీ, కలుపుతూ.

న్యుమోనియా తగ్గాక ఆసుపత్రి వాళ్ళు ఇచ్చి పంపిన మెషిన్ అది. పాప రక్తంలో ప్రాణవాయువు తగ్గితే కూస్తుందన్నారు. కానీ పాప కాలు తన్నినా కూస్తోంది, బ్యాటరీ అయిపోవస్తున్నా కూస్తోంది. ఏ కూతకు భయపడాలో, ఏ కూతను పోనిమ్మనాలో రుఫీనాకు అంతుపట్టేది కాదు. కాగితం తీసి చదివితే సన్నటి అక్షరాలు. ఆరో తరగతితో బడి మానేసిన బుర్ర, రెండో వరుసకే తిరిగిపోయేది.

అయితే ఒక సంగతి మాత్రం కనిపెట్టింది. మెషిన్‌ను పాప రొమ్ము మీద పెట్టి, దాని మీదుగా చేనేత పట్టీని బిగించి చుడితే కూత ఆగిపోతుంది. పాపకు వెచ్చగా ఉండి ఊపిరి బాగుపడుతోందని అనుకుంది. తమ ఊరు ఎల్ ఆల్తోలో పిల్లలను అందరూ అలాగే చుడతారు, అలాగే వీపున కట్టుకుని పనికి పోతారు. ఇందులో తప్పేముంది?

ఆ రోజూ అలాగే కట్టుకుని సంతలో ఆపీ అమ్ముతోంది. మెషిన్ కిక్కురుమనలేదు. రెండు గంటల తర్వాత అత్త ఎందుకో వీపు మీది గుడ్డ తొలగించి చూసింది.

"ఏమే! పిల్ల పెదాలు నల్లబడ్డాయే!"

కుండలు అక్కడే వదిలేసి ఇద్దరూ ఆరోగ్య కేంద్రానికి పరుగెత్తారు. ఆక్సిజన్ పెట్టాక పాప రంగు తిరిగింది.

నర్సు గ్లాదిస్ మెషిన్‌ను పరీక్షించి ముఖం చిట్లించింది. "కూత ఆపే బొత్తాం నొక్కావు. లోపల నమోదై ఉంది. చప్పుడు భరించలేకపోయావా అమ్మా?"

"నేను నొక్కలేదండీ."

"మరి నీ కూతురు నొక్కిందా?"

నర్సు కాగితం మీద 'తల్లి నిర్లక్ష్యం' అని రాసింది. విచారణ అయ్యేదాకా పాపను ఇంటికి పంపరట. రుఫీనాకు తన మీద తనకే అనుమానం వచ్చింది. నిజంగానే నిద్రమత్తులో నొక్కానా? నొక్కి మరిచిపోయానా? అడిగితే అత్త కూడా తేల్చి చెప్పలేకపోయింది. "ఏమోనే, ఆ మెషిన్ సంగతి నాకేం తెలుసు," అంది.

నాలుగో రోజు ఆ మెషిన్ చేసిన సంస్థ నుంచి మరీసోల్ అనే ఇంజనీరమ్మ వచ్చింది. ఆమె పట్టుకున్న సందేహం ఒక్కటే. మెషిన్ లెక్క ప్రకారం ఆ బొత్తాం రెండు గంటలు ఆపకుండా నొక్కే ఉంది. ఏ తల్లయినా రెండు గంటలు బొత్తాం మీద వేలు పెట్టి కూర్చుంటుందా?

"నువ్వు రోజూ పాపను ఎలా చుడతావో అలాగే చుట్టి చూపించు తల్లీ," అంది.

"చూపిస్తే మళ్ళీ ఏం రాస్తారో?"

"నేనేం రాయను. చూస్తాను, అంతే."

రుఫీనా గుడ్డ పరిచింది. మెషిన్ కూస్తోంది. దాన్ని పాప రొమ్ము మీద పెట్టి పట్టీ మూడు చుట్లు బిగించింది. కూత ఆగింది.

మరీసోల్ పట్టీ మీద వేలు ఆనించి తడిమింది. గుడ్డ కింద, కూత ఆపే ఉబ్బెత్తు బొత్తాం లోపలికి అణిగిపోయి ఉంది.

"బెత్తెడు పట్టీ చేసిన పనా ఇదంతా!" అంది బెనితా. "అమ్మాయ్, మీరు ఇది చేసేటప్పుడు ఒక్క పసిబిడ్డనైనా చుట్టి చూశారా?"

"మంచం మీద పడుకోబెట్టిన బొమ్మకు పెట్టి చూశాం అమ్మమ్మా," అంది మరీసోల్ తల వంచుకుని.

"బొమ్మకేం, దాన్ని వీపున కట్టుకుని సంతకు పోనక్కర్లేదుగా!"

రుఫీనాకు ఇంకా నమ్మకం కుదరలేదు. "అయితే తప్పు నాదా, కాదా? సరిగ్గా చెప్పండి. నాకేం అర్థం కావడం లేదు."

మరీసోల్ నర్సు వైపు తిరిగింది. "ముందు ఆ కాగితం మీది మాట కొట్టేయండి." గ్లాదిస్ కలం తీసి కొట్టేసింది. అప్పుడు మరీసోల్ రుఫీనా చేయి పట్టుకుంది. "తప్పు నీది కాదు తల్లీ. నీ ఇంటికి రాకుండా, నీ పని చూడకుండా, నీ బిడ్డకు కాపలా పెట్టాలనుకున్నాం. వచ్చే నెల కొత్తది చేస్తాం. అప్పుడు నువ్వూ మీ అత్తా వచ్చి మా బల్ల దగ్గర కూర్చోవాలి. మీరు చుట్టాలి, మేం చూడాలి."

వైరా ఆ సాయంత్రమే ఇంటికి వచ్చింది. ఈసారి మెషిన్‌ను పట్టీకి పైన కట్టారు.

చదివే అమ్మలారా, ఏ మెషిన్ అయినా మీ చేతిలో సరిగ్గా పనిచేయకపోతే, తెలివి లేనిది మీకేనని వెంటనే తల దించుకోకండి. వాటిని చేసే పెద్దలకు ఒక్క మనవి. బిడ్డకు కాపలా ఉండే వస్తువు చేయాలంటే, ముందు ఆ బిడ్డను ఎత్తుకునే చేతులను చూడండి.