కాటా చూపించని బరువు

"నువ్వెక్కితే ఇమానం లేచ్చాదా మే? పైకి పొయ్యేదానికి బదులు భూమిలోకి దిగబడతాదేమో!"

పెంచలయ్య ఈ మాట పొద్దున్నుంచీ అంటూనే ఉన్నాడు. అన్నప్పుడల్లా తనే నవ్వుకుంటున్నాడు. సంజీవమ్మ వినిపించుకోనట్టు విమానం అద్దం మీద నీళ్ళు పోసింది. ఆ అద్దం గాజు కాదు, ప్లాస్టిక్. పొడిగుడ్డతో రుద్దితే ఎడారి ఇసుక గీతలు పెట్టేస్తుంది. ముందు బాగా నీళ్ళు పోసి దుమ్మును కిందికి జార్చాలి. తర్వాత మెత్తటి నూలుగుడ్డతో పైనుంచి కిందికి తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. అందుకోసం తన పాత చీర ఒకటి చించి పెట్టుకుంది. పెళ్ళైన కొత్తలో పెంచలయ్య తెచ్చిన చీర అది. అది కట్టుకుని ఆమె మిద్దె కంటే ఎత్తు ఎక్కింది లేదు. ఇప్పుడు చీర ముక్కలు మాత్రం వారంవారం విమానం ఎక్కుతున్నాయి.

విమానం నఫీసా మామాది. కువైట్‌లో పనివాళ్ళు ఇంటి యజమానురాలిని మామా అనే పిలుస్తారు. భర్త పోయాక ఆమె నగలు కొనడం మానేసి దీన్ని కొనుక్కుంది. ఆడదానికి కారు చాలదా అని అన్నదమ్ములు అన్నారట. చాలదు అని ఒక్క మాట చెప్పి ఊరుకుందట. నాలుగు సీట్లు, ముందొక పంఖా, నెత్తిన రెండు రెక్కలు. షువైఖ్ గ్యారేజీల వీధిలో నిలబెడితే పక్కనున్న లారీ కన్నబిడ్డలా ఉంటుంది. కానీ శుక్రవారం మధ్యాహ్నం అబ్బాసియాలో, మన వైపు వాళ్ళంతా కలిసే సుల్తాన్‌బీ ఇంటి హాల్లో, పెంచలయ్య నోట్లో పడేసరికి అది పెరిగిపోయేది. దాని రెక్కల్లో ఒకటి కువైట్ మీద, రెండోది బస్రా మీద నీడ పరిచేది. మేఘాల మధ్య ఇంజను ఆగిపోతే పెంచలయ్య తలుపు తీసి, బయటికి వంగి, పంఖాను చేత్తో తిప్పి స్టార్టు చేసిన కథ రాయచోటి దాకా పోయి, అక్కడ ఇంకొంచెం బలిసి మళ్ళీ ఫోన్లో కువైట్‌కు వచ్చింది. నిజానికి అతను మామా కారు డ్రైవరు. విమానం విషయంలో అతని పనల్లా మామాను విమానం ఉండే ఈ షెడ్డు దగ్గర దించి, నీడ చూసుకుని నిద్రపోవడమే.

ఆ కథలు సంజీవమ్మ వినేది గోడ ఇవతలి నుంచి. హాల్లో మగవాళ్ళుంటే వంటింట్లో తనూ సుల్తాన్‌బీ. వారమంతా మామా ఇంట్లో వండి, ఆ ఒక్క సెలవు పూట ఇక్కడ వండడం.

"ఏం సంజీవా, పంఖా తిప్పినప్పుడు మీ ఆయన చెయ్యి కాలలేదా?" అనేది సుల్తాన్‌బీ, నవ్వు పైట చెంగులో దాచుకుని.

"ఆయన చెయ్యి ఎప్పుడు కాలిందక్కా, పొయ్యి ముట్టిచ్చింటే గదా!"

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. తర్వాత పళ్ళేలు హాల్లోకి అందించేవాళ్ళు.

నిన్న సాయంత్రం మామా పిలిచి చెప్పింది. దక్షిణాన ఎడారిలో వాళ్ళన్న చలికాలం గుడారాలు వేశాడు, పక్కనే చిన్న రన్‌వే ఉంది, రేపు పోయి వద్దాం. "ఇన్నేళ్ళుగా తుడుస్తున్నావు. ఒకసారి ఎక్కు. పెంచల్‌ను కూడా రమ్మను." సంజీవమ్మకు రాత్రంతా నిద్ర లేదు. పెంచలయ్యకూ లేదు, కానీ అతని కారణం వేరు. ఆ గుడారాల్లో పనిచేసేవాళ్ళంతా మన కడప వైపు వాళ్ళు. వంటమనిషి జిలానీ బాషా మొదలుకుని అందరికీ రాగిపిండి, చింతకాయ తొక్కు, ఎర్రకారం కావాలి. పిండి విసిరేది, తొక్కు నూరేది, కారం దంచేది సంజీవమ్మ. అమ్మేది పెంచలయ్య. దీన్ని అతను 'నా బిజినెస్' అంటాడు. ఎప్పుడో లారీ పోయినప్పుడు పంపే సరుకు ఈసారి గాల్లో పోబోతోంది. విమానంలో దిగిన రాగిపిండి మామూలు రాగిపిండి కంటే ఎంత ఎక్కువ ధర పలుకుతుందో అతను పడుకునే ఆలోచించాడు.

అద్దం తుడవడం అయ్యేసరికి మామా షెడ్డులోకి వచ్చింది. చేతిలో కాగితం, పెన్సిలు. గోడవారన ఉన్న కాటాను కాలితో ముందుకు జరిపింది.

"సంజీవా, నీ బరువెంత?"

అరబ్బీలో ఎంత మామూలు మాటలవి! కానీ సంజీవమ్మకు ఎవరూ అడగని ప్రశ్న. ఆమె బరువు గురించి అందరూ ఆమెకే చెప్పేవాళ్ళు తప్ప ఎవరూ అడిగింది లేదు. రెండో కాన్పు తర్వాత అత్త చెప్పింది. ఇద్దరు మనుషులు కూర్చునే చోట నువ్వొక్కదానివే కూర్చుంటావని ఆడబిడ్డ చెప్పింది. మొగుడు రోజూ చెబుతాడు. ఆ ఒళ్ళు ఎక్కడిదో మాత్రం ఎవరికీ పట్టలేదు. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది పారబోయడానికి మనసొప్పక తిన్న ఒళ్ళు అది. పిల్లలు వదిలేసిన ముద్దలు, మొగుడు ఉప్పెక్కువైందని తోసేసిన కూర, నిన్నటి సంగటి, మొన్నటి పప్పు. ఒక ఇంటి మిగులంతా తీసుకొచ్చి ఒక ఆడదానికి తగిలిస్తే అయ్యే బరువు.

"కాటా పగుల్తాది మామా!" అన్నాడు పెంచలయ్య వచ్చీరాని అరబ్బీలో.

"నిన్ను అడగలేదు," అంది మామా. నవ్వలేదు.

సంజీవమ్మ చెప్పులు విడిచి కాటా ఎక్కింది. ఎనభై నాలుగు. ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. మామా ఆ అంకెను కాగితం మీద రాసుకుంది, ట్యాంకులో ఎంత పెట్రోలుందో రాసుకున్న ముఖంతోనే. తర్వాత పెంచలయ్య ఎక్కాడు. యాభై ఎనిమిది. మామా పెన్సిలుతో లెక్క కట్టి, "సంజీవా ముందు, నా పక్కన. పెంచల్ వెనక," అంది.

"ముందర మగమనిషి ఉంటే మేలు గదా మామా. ఆడమనిషి, బయపడ్తాది."

"నేనెవర్ని?" అంది మామా. "బరువు ముందుండాలి. వెనక బరువెక్కువైతే దీని ముక్కు పైకి లేచి మళ్ళీ కిందికి వంగదు. అప్పుడు నేనేం చేసినా పడిపోతుంది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆడా మగా కాదు, కాటా చెబుతుంది."

సంజీవమ్మ చోటు ఎప్పుడూ వెనకే. ఆటోలో వెనక, జీపులో వెనక, ఎయిర్‌పోర్టు క్యూలో వెనక, చివరికి ఫోటోలో కూడా సగం ముఖం మొగుడి భుజం వెనకే. ఇన్నేళ్ళు తిట్లు తిన్న బరువే ఇవాళ తనను ముందు సీట్లో కూర్చోబెడుతోంది.

"సంచి?" అంది మామా.

పెంచలయ్య సంచిని కాటా మీద పెట్టాడు. పెట్టి, అది పడిపోకుండా పట్టుకున్నట్టు దగ్గరగా నిలబడ్డాడు. సంజీవమ్మ చూపు అలవాటుగా అతని బూటు మీదికి పోయింది. బూటు మొన సంచి మూల కిందికి మెల్లగా దూరి, పైకెత్తి పట్టింది.

సెలవుకు ఊరికి పోయేటప్పుడు ఎయిర్‌పోర్టు కౌంటరు దగ్గర అతను ఎప్పుడూ చేసే విద్యే ఇది. పాలపొడి డబ్బాలు, దుప్పట్లు, సబ్బులు, ఇస్త్రీపెట్టె కుక్కిన పెట్టెను బూటు మొనతో లేపి నిలబెట్టి, ముఖంలో మాత్రం నమాజు చేసుకున్నవాడి ప్రశాంతత. సుల్తాన్‌బీ హాల్లో కొత్తగా సెలవుకు పోయేవాళ్ళకు పాఠం కూడా చెబుతాడు. ఒకసారి తన బూటు మొన మీద పెట్టెతో పాటు పెట్టె మీద కూర్చున్న స్నేహితుడు సోమేశ్వరరావును కూడా మోసినానని చెప్పాడు.

కాటా పదిహేను చూపించింది. మామా రాసుకుంది. పెట్రోల్లో నీళ్ళు కలిశాయేమో చూడడానికి గాజు గొట్టం తీసుకుని రెక్క కిందికి వెళ్ళింది. పెంచలయ్య సంచిని సీట్ల వెనకున్న సామాను చోటులోకి తోశాడు.

"ఏమయ్యా, కాలు పెట్టినావే," అంది సంజీవమ్మ గొంతు తగ్గించి.

"గమ్మునుండు మే. అంత పెద్ద ఇమానాలకే తెలీలేదు, ఈ పిల్లదానికి తెలుచ్చాదా?"

"పెద్దదానికి ఆనదు. దీనికి ఆన్తాది. మామా చెప్పింది ఇనలేదా, ముక్కు వంగదంట."

"నోరిప్పినావంటే నా పని ఖలాస్. పిల్లోల్ల సదువులు ఎట్ల జరుగుతాయో సూసుకో మళ్ళ. మొగునిమీద చాడీలు చెప్పే ఆడదాన్ని యాడైనా సూసినావా?"

గమ్మునుండు. ఆ మాటతోనే ఆమె కాపురం నడిచింది. పగిలిన గ్లాసు, మాడిన కూర, పాపకు జ్వరం, చిట్టీలో పోయిన డబ్బు, అత్త ముందు ఒకటి, తన ముందు ఒకటి చెప్పే మొగుడు. అన్నిటి దగ్గరా గమ్మునుంది. చెబితే రభస, చెప్పకపోతే శాంతి అనుకుంది. కానీ ఇప్పుడు సీటు వెనక గుట్టుగా కూర్చున్న ఆ సంచిని చూస్తుంటే ఒక సంగతి తట్టింది. అతను బూటుతో లేపిన బరువు ఎక్కడికీ పోలేదు. సంచిలోనే ఉంది. కాటా చూపించని బరువును కూడా ఎవరో ఒకరు మోయాలి. ఎయిర్‌పోర్టులో పెద్ద విమానం మోసింది. ఇంట్లో తను మోసింది. బిజినెస్ అతనిది, విసిరే చేతులు తనవి. కథ అతనిది, కూర తనది. ఎవరి కాగితం మీదా ఆ కిలోలు లేవు, తన నడుములో మాత్రం ఉన్నాయి. ఇవాళ మోయాల్సింది ఈ చిన్న విమానం. దానికి గమ్మునుండడం రాదు.

ముగ్గురూ ఎక్కారు. మామా బెల్టులు లాగి చూసింది. తాళంచెవి పెట్టి, తిప్పకుండా ఆగింది. ఇది ఆమె అలవాటు. ఎవరిని ఎక్కించుకున్నా ఇలాగే అడుగుతుందని సంజీవమ్మ షెడ్డు బయట నిలబడి విన్నదే.

"ఎవరైనా చెప్పాల్సింది ఉందా? చిన్నదైనా సరే. చెప్పినవాళ్ళను నేను తిట్టను."

వెనక నుంచి పెంచలయ్య మోకాలు సీట్లోకి గుచ్చుకుంది.

చెబితే విమానం ఎక్కడం ఇవాళ్టికి ఉండదేమో. మళ్ళీ ఎప్పటికీ ఉండదేమో. ఇంటికి పోయాక ఏముంటుందో తెలుసు. సంజీవమ్మ తను తుడిచిన అద్దంలోంచి ముందుకు చూసింది. ఒక్క గీత లేదు.

"మామా, సంచి బరువు తప్పు. ఆయన కాలు పెట్టినాడు."

మామా తాళంచెవి బయటికి తీసేసింది. సంచిని తనే దించి కాటా మీద పెట్టి, దూరంగా నిలబడింది. ముప్పై ఒకటి. రబ్బరుతో తుడిచి మళ్ళీ లెక్క కట్టింది. తర్వాత పెంచలయ్య వైపు తిరిగింది.

"నీ పని ఎక్కడికీ పోదు. కానీ అబద్ధాన్ని నా విమానం మోయలేదు. దిగు."

"సంచి మామా?"

"సంచి ఏ తప్పూ చెయ్యలేదు. ఇందులో ఏముంది? ఎవరు చేశారు?"

"నా..." అని పెంచలయ్య మొదలుపెట్టాడు.

"నేను చేసినా మామా," అంది సంజీవమ్మ. "పిండి, తొక్కు, కారం. అన్నీ నేనే."

"అయితే నీ సామాను వస్తుంది."

పెంచలయ్య సీట్లో సంచిని కూర్చోబెట్టి, పెంచలయ్య బెల్టే దానికి కట్టింది మామా. అతను షెడ్డు నీడలో నిలబడ్డాడు. నిద్ర కూడా రాలేదు పాపం.

నేల ఎప్పుడు వదిలిందో సంజీవమ్మకు తెలియలేదు. చక్రాల గడగడ ఉన్నట్టుండి ఆగిపోయింది, అంతే. పంఖా తిరుగుతూ తిరుగుతూ కనిపించకుండా పోయింది. కింద రోడ్డు నాడా తాడంత సన్నబడింది. ఒంటెలు చెల్లాచెదురుగా పడ్డ గింజల్లా ఉన్నాయి. మామా ఒకసారి తిరిగి చూసి, బాగుందా అన్నట్టు కనుబొమ్మలెగరేసింది. సంజీవమ్మ తలూపింది. తన ఒంటి మీద తనకు ఏమీ బరువు తెలియని సమయం అది.

గుడారాల దగ్గర జిలానీ బాషా సంచి విప్పి పిండి వాసన చూశాడు.

"ఇది నువ్వు విసిరిందా అక్కా? పెంచలన్న తానే ఇసిరినా అన్న్యాడే! చేతులు బొబ్బలెక్కినాయని గుడ్డ కట్టుకోని మరీ సూపిచ్చె!"

"బొబ్బలు మానిపోయినాయిలే తమ్ముడా," అంది సంజీవమ్మ. "ఇంకమీద కావాలంటే నాకే ఫోన్ చెయ్యి."

సాయంత్రం విమానం తిరిగొచ్చాక పెంచలయ్యే కారు నడిపాడు. మామాను ఇంట్లో దించాక, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు. సంజీవమ్మ రాత్రి వంటకు ఉల్లిపాయలు తరుగుతోంది.

"మొగుని పరువు తీసినావు. సరే. అయిపాయె." కాసేపు అటూ ఇటూ చూశాడు. "అది గాదు మే... పైన ఎట్లుండె? సముద్రం కనపడిండెనా? మబ్బు చేతికి తగిలిండెనా?"

అతని కళ్ళలో ఆ వెలుగు ఆమెకు తెలుసు. శుక్రవారానికి సరుకు ఏరుకుంటున్నాడు. ఇప్పుడు తను చెప్పిందంతా రెండ్రోజుల్లో హాల్లో అతను చూసిందైపోతుంది. తను గోడ ఇవతల పళ్ళేలు కడుగుతూ తన ఆకాశాన్ని అతని గొంతులో వింటుంది. కోపం రాలేదు. నవ్వు వచ్చింది. ఉల్లిపాయ ముక్కలు గిన్నెలోకి తోసి, కత్తి కడిగి పక్కన పెట్టింది.

"నీకెందుకు చెప్పాల? శుక్రవారం హాల్లో నేనే కూచ్చోని అందరికీ చెప్తా. నువ్వు సుల్తాన్‌బీ అక్కకు సాయంగా పొయ్యి కాడ ఉండి ఇను."

"నువ్వా! ఏం చెప్తావు నువ్వు?"

"ఎనభై నాలుగు కిలోలతో లేచిందని చెప్తా. ఉన్న బరువే చెప్తాలే, ఒక్క కిలో తగ్గియ్యను."